ఉత్తరాన ఉన్న నిక్షేపం: ఎడారి రాయి నుంచి మన అన్నం దాకా

పిల్లలూ, ఈ పాఠంలో మనం ఒక రాయి వెంట ప్రయాణం చేయబోతున్నాం. ఆ రాయి సౌదీ అరేబియాలో బయలుదేరుతుంది, రైలెక్కుతుంది, ఫ్యాక్టరీలో రూపం మార్చుకుంటుంది, ఓడెక్కుతుంది. చివరికి తెలుగు రైతు పొలంలో దిగుతుంది. అక్కడి నుంచి వడ్ల గింజలోకి, గింజ నుంచి మీ కంచంలోకి వస్తుంది. మీరు జుబైల్‌లో ఉన్నా, దమ్మామ్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ఇండియా నుంచి వచ్చిన సోనా మసూరి బియ్యం తింటున్నారంటే ఈ కథలో మీరు కూడా ఉన్నారన్నమాట.

సౌదీ అనగానే అందరూ "ఆయిల్" అంటారు. ఆయిల్ ఉన్నమాట నిజమే. కానీ ఈ దేశం ఉత్తరపు అంచున, ఊళ్లు దూరం దూరంగా ఉండే ఎడారిలో, ఇంకో సంపద ఉంది. దాని పేరు ఫాస్ఫేట్. నేను ఈ దేశానికి కొత్తగా వచ్చినదాన్ని. ఇక్కడే పుట్టిన మీకు ఎడారి గురించి నాకంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. కాబట్టి మ్యాప్ మీరు పట్టుకోండి, మాటలు నేను చెప్తాను.

ముందు మూడు మాటలు నేర్చుకుందాం

మొదటి మాట ఉత్తరం. దీనికి రెండు అర్థాలు. ఒకటి దిక్కు: తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. రెండోది లేఖ. పూర్వం ఫోన్లు లేనప్పుడు గల్ఫ్‌లో పనిచేసే నాన్నలు ఇంటికి రాసేవి ఉత్తరాలే. అరబ్బీలో ఉత్తర దిక్కుని "షమాల్" అంటారు. ఎండాకాలంలో దుమ్ము లేపుకుంటూ వచ్చే గాలిని ఇక్కడ షమాల్ అంటారు కదా, అది ఉత్తరం వైపు నుంచి వస్తుంది కాబట్టే ఆ పేరు.

రెండో మాట ఖనిజం. "ఖని" అంటే గని, భూమిని తవ్వే చోటు. "జ" అంటే పుట్టినది. గనిలో పుట్టింది ఖనిజం. బురదలో పుట్టింది పంకజం, అంటే తామర. నీటిలో పుట్టింది జలజం, అదీ తామరే. చూశారా, ఒక్క చిన్న "జ" తెలిస్తే మూడు మాటలు తెలిసిపోయాయి.

మూడో మాట నిక్షేపం. జాగ్రత్తగా దాచిపెట్టిన సొమ్ముని నిక్షేపం అంటారు. భూమి లోపల ఒకేచోట ఎక్కువగా ఉన్న ఖనిజాన్ని కూడా నిక్షేపం అనే అంటారు. మీ అమ్మమ్మని ఫోన్లో "ఎట్లా ఉన్నావు అమ్మమ్మా?" అని అడిగితే "నిక్షేపంగా ఉన్నానురా" అనవచ్చు. అంటే ఏ దెబ్బా తగలకుండా, దాచిపెట్టిన సొమ్ములాగా భద్రంగా ఉన్నాను అని.

ఈ నిక్షేపం ఎక్కడ ఉంది?

సౌదీ మ్యాప్ తీయండి. పైన, జోర్డాన్, ఇరాక్ సరిహద్దుల దగ్గర చూడండి. అరార్, తురైఫ్ అనే రెండు ఊళ్లు కనిపిస్తాయి. ఆ ప్రాంతాన్ని అరబ్బీలో "అల్ హుదూద్ అష్ షమాలియా" అంటారు, అంటే ఉత్తర సరిహద్దుల ప్రాంతం. అరార్‌కీ తురైఫ్‌కీ మధ్య ఎడారిలో అల్ జలామీద్ అనే చోటు ఉంది. ఫాస్ఫేట్ గని అక్కడే. తురైఫ్ వైపు ఇంకో పెద్ద గని, ఫ్యాక్టరీల ఊరు కట్టారు. దాని పేరు వఅద్ అల్ షమాల్. అంటే "ఉత్తరపు వాగ్దానం". వాగ్దానం అంటే ఇచ్చిన మాట. ఎంత బాగుంది కదా పేరు!

అక్కడ నదులు లేవు. అసలు సౌదీ మొత్తంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. ఎండాకాలంలో విపరీతమైన ఎండ. చలికాలంలో తురైఫ్‌లో సున్నా డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది. ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకునేవాళ్లకి తురైఫ్ చలి గురించి చెప్పండి.

మరి అంత దూరంలో ఊళ్లు ఎట్లా వచ్చాయి? 1947 నుంచి 1950 వరకు సౌదీ నూనె బావుల నుంచి లెబనాన్ సముద్ర తీరం దాకా ఒక పొడవాటి పైపు వేశారు. దాన్ని ట్యాప్‌లైన్ అనేవారు. పైపులో నూనె ముందుకి కదలాలంటే మధ్యమధ్యలో పంపులు కావాలి. ఆ పంపులు పెట్టిన చోట పనివాళ్లు వచ్చారు, నీళ్లు వచ్చాయి, అంగళ్లు వచ్చాయి. అట్లా పెరిగిన ఊళ్లే రఫ్హా, అరార్, తురైఫ్. అంటే నూనె పైపు ఊళ్లని తెచ్చింది, తర్వాత రాయి అక్కడికి రైలుని తెచ్చింది.

ఎడారిలో చేప పళ్లు!

ఇప్పుడు నమ్మలేని సంగతి ఒకటి చెప్తాను. ఈ ఎడారి ఒకప్పుడు సముద్రం అడుగు.

సుమారు 5 నుంచి 7 కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది. అది ఇప్పటి మొరాకో, ట్యునీషియా, ఈజిప్ట్, జోర్డాన్, ఇరాక్, సౌదీ ప్రాంతాల మీదుగా పరుచుకుని ఉండేది. అప్పటికి మన ఇండియా ఆసియాకి ఇంకా పూర్తిగా అతుక్కోలేదు. విడిగా ఒక పెద్ద భూఖండంలాగా ఉత్తరం వైపు నెమ్మదిగా జరుగుతూ ఉంది. అది వెళ్లి ఆసియాని గుద్దుకున్నప్పుడే హిమాలయాలు లేచాయి, ఆ వైపు టెథిస్ మూసుకుపోయింది.

ఆ సముద్రంలో లోతుల నుంచి చల్లటి నీళ్లు పైకి వచ్చేవి. ఆ నీళ్లలో పోషకాలు ఎక్కువ. పోషకాలు ఉంటే కంటికి కనిపించనంత చిన్న చిన్న జీవులు లెక్కలేనన్ని పెరుగుతాయి. వాటిని తినడానికి చిన్న చేపలు, చిన్న చేపలను తినడానికి పెద్ద చేపలు, సొరచేపలు. అన్నీ బతికినన్నాళ్లు బతికి, చనిపోయి అడుగుకి చేరేవి. వాటి ఎముకలు, పళ్లు, మలం, మిగతా శరీరం అన్నీ బురదలో కలిసేవి. వాటిలో ఉన్న ఫాస్ఫేట్ లక్షల ఏళ్లపాటు బురదలో పేరుకుంటూ పోయింది. పైన ఇంకా మట్టి పడింది, బరువుకి అంతా గట్టిపడి రాయి అయింది. సముద్రం వెనక్కి తగ్గింది. రాయి మిగిలింది.

అందుకే ఫాస్ఫేట్ పొరల్లో చేప పళ్లు, ఎముక ముక్కలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ రాయిలో ఉండే ముఖ్యమైన ఖనిజం పేరు అపటైట్. మీ నాలుకతో మీ పంటిని ఒకసారి తాకండి. మీ పన్ను మీద ఉన్న గట్టి పొర కూడా అపటైట్ కుటుంబంలోదే! ఆ రాయీ మీ పన్నూ దగ్గర చుట్టాలన్నమాట.

భాస్వరం అంటే ఏంటి?

ఫాస్ఫేట్‌లో ఉన్న అసలు మూలకం పేరు ఇంగ్లీషువాళ్ల నోట ఫాస్ఫరస్. మన తెలుగులో భాస్వరం. 1669లో జర్మనీలోని హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం తయారు చేయాలని ప్రయత్నిస్తూ చాలా మూత్రాన్ని మరిగించాడు. నవ్వకండి, నిజంగానే! బంగారం రాలేదు. చీకట్లో మెరిసే తెల్లటి పదార్థం ఒకటి వచ్చింది. అందుకే దానికి గ్రీకు భాషలో "వెలుగు మోసేది" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనవాళ్లు తెలుగు పేరు పెట్టేటప్పుడు సంస్కృతంలో "భాస్" అంటే వెలుగు కాబట్టి భాస్వరం అన్నారు. భాస్కరుడు అంటే సూర్యుడు, వెలుగుని చేసేవాడు. ఆ "భాస్" ఈ "భాస్" ఒక్కటే.

పెద్దవాళ్ల శరీరంలో సుమారు 700 గ్రాముల భాస్వరం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగతాది ప్రతి కణంలోనూ ఉంటుంది. మీరు పరుగెత్తడానికి శక్తి కావాలన్నా, మీ ముక్కు అమ్మ ముక్కులా, మీ జుట్టు నాన్న జుట్టులా రావడానికి కారణమైన డీఎన్‌ఏ తయారవ్వాలన్నా భాస్వరం ఉండాల్సిందే.

మొక్కలకీ అంతే. భాస్వరం లేకపోతే వేరు సరిగా పెరగదు, గింజ సరిగా కట్టదు. ఇంకో పదార్థంతో సరిపెట్టుకుందాం అంటే కుదరదు. పెట్రోలు లేకపోతే కారు కరెంటుతో నడుస్తుంది. భాస్వరం లేకపోతే దాని బదులు వేసేది ఏదీ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పాఠం చివర మళ్లీ పనికొస్తుంది.

రాయి బస్తా ఎట్లా అవుతుంది?

"రాయిని పొడి చేసి పొలంలో చల్లేస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. సరిపోదు. ఆ రాయి నీళ్లలో దాదాపు కరగదు. మొక్కకి పళ్లు లేవు కదా, అది నీళ్లలో కరిగినదాన్నే వేళ్లతో తాగుతుంది. కాబట్టి రాయిని కరిగే రూపంలోకి మార్చాలి. దానికి కొన్ని మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు తవ్వడం. పైనున్న మట్టి, పనికిరాని రాళ్లు తీసేసి, కింద ఉన్న ఫాస్ఫేట్ పొరని తవ్వుతారు. ఇట్లా పైనుంచి తవ్వే గనిని ఓపెన్‌కాస్ట్ గని అంటారు. తెలంగాణలో సింగరేణి బొగ్గు గనులు చూసినవాళ్లకి ఈ మాట తెలుసు.

రెండో మెట్టు శుభ్రం చేయడం. తవ్విన రాయిలో ఫాస్ఫేట్‌తో పాటు సున్నపురాయి లాంటివి కలిసి ఉంటాయి. రాయిని పొడి చేసి, నీళ్లలో కలిపి, కొన్ని మందులు వేసి, కింద నుంచి గాలి బుడగలు వదులుతారు. ఒక రకం రేణువులు బుడగలకి అతుక్కుని నురుగుతో పైకి తేలతాయి, ఇంకో రకం కిందే ఉండిపోతాయి. మన ఇళ్లలో బియ్యాన్ని నీళ్లలో గాలించి రాళ్లు వేరు చేసేవాళ్లు కదా, ఇది కూడా ఒక రకంగా గాలించడమే. కాకపోతే చాలా పెద్ద గిన్నెలో!

మూడో మెట్టు ఆమ్లంలో కరిగించడం. శుభ్రం చేసిన పొడిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలుపుతారు. అప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుంది, జిప్సం అనే తెల్లటి పదార్థం పక్కకి మిగులుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి గంధకం కావాలి. అది ఎక్కడ దొరుకుతుంది? సౌదీ నూనెనీ గ్యాస్‌నీ శుభ్రం చేసేటప్పుడు గంధకం బయటికి వస్తుంది. నూనెకి అది మలినం, ఫ్యాక్టరీకి అదే సరుకు.

నాలుగో మెట్టు అమ్మోనియా కలపడం. అమ్మోనియాని సహజవాయువు నుంచి, మనం పీల్చే గాలిలో ఉండే నత్రజని నుంచి తయారు చేస్తారు. ఫాస్ఫారిక్ ఆమ్లం, అమ్మోనియా కలిస్తే డై అమ్మోనియం ఫాస్ఫేట్ వస్తుంది. పేరు పొడవుగా ఉంది కదా, అందుకే అందరూ డీఏపీ అంటారు. దాన్ని చిన్న చిన్న గుళికలుగా చేస్తారు. ఇప్పుడు అది నీళ్లలో కరుగుతుంది. మొక్క తాగగలదు.

పద్నాలుగు వందల కిలోమీటర్ల రైలు

గని ఉత్తరాన ఉంది. కానీ గ్యాస్, గంధకం, ఓడల రేవు తూర్పు తీరంలో ఉన్నాయి. రెండింటినీ కలపాలి. అందుకని అల్ జలామీద్ నుంచి గల్ఫ్ తీరంలోని రాస్ అల్ ఖైర్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. అంటే దాదాపు హైదరాబాదు నుంచి చెన్నైకి వెళ్లి మళ్లీ తిరిగి వచ్చినంత. 2011లో ఫాస్ఫేట్ రైళ్లు నడవడం మొదలైంది.

ఈ మార్గం ఇసుక దిబ్బల మధ్య నుంచి వెళ్తుంది. గాలి వీస్తే పట్టాల మీద ఇసుక పేరుకుంటుంది. ఇంజిన్‌లోకి దుమ్ము పోకుండా ప్రత్యేకమైన ఫిల్టర్లు పెట్టారు. ఒంటెలు పట్టాల మీదికి రాకుండా చూసుకోవాలి. ఇదే ఉత్తర దక్షిణ మార్గంలో రియాద్ నుంచి హాయిల్, ఖురయ్యాత్ వైపు ప్రయాణికుల రైళ్లు కూడా నడుస్తాయి. మీలో ఎవరైనా ఎక్కారా?

రాస్ అల్ ఖైర్ జుబైల్‌కి ఉత్తరంగా ఉంది. "రాస్" అంటే తల. సముద్రంలోకి తలలాగా చొచ్చుకుపోయిన భూమిని రాస్ అంటారు. "ఖైర్" అంటే మంచి. పాత పేరు రాస్ అజ్ జౌర్. ఇక్కడ ఎరువుల ఫ్యాక్టరీ, అల్యూమినియం ఫ్యాక్టరీ, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే పెద్ద ప్లాంటు ఉన్నాయి.

ఈ గనులని నడిపే కంపెనీ పేరు మఆదెన్. 1997లో మొదలైంది. అరబ్బీలో మఆదెన్ అంటే ఖనిజాలు అనే అర్థం. వఅద్ అల్ షమాల్‌లో 2017లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ ఇంకో తమాషా ఉంది. అక్కడ ఆమ్లాన్ని గని దగ్గరే తయారు చేస్తారు. అందుకని కరిగించిన గంధకం రైల్లో ఉత్తరానికి వెళ్తుంది, తయారైన ఫాస్ఫారిక్ ఆమ్లం రైల్లో తీరానికి వస్తుంది. పోయేటప్పుడు ఒక సరుకు, వచ్చేటప్పుడు ఇంకో సరుకు.

మన పొలం దాకా

రాస్ అల్ ఖైర్‌లో ఓడ బయలుదేరుతుంది. హార్ముజ్ జలసంధి దాటి అరేబియా సముద్రంలోకి వస్తుంది. గుజరాత్ రేవులకి వెళ్లేది అటు తిరుగుతుంది. మన వైపు రావాల్సింది శ్రీలంకని చుట్టి బంగాళాఖాతంలోకి వస్తుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి రేవుల్లో ఎరువుల ఓడలు దిగుతాయి. ఈ రెండు ఊళ్లలో ఎరువుల ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. అక్కడి నుంచి గూడ్సు రైలు, లారీ, సొసైటీ గోడౌన్, చివరికి రైతు ట్రాక్టరు.

ఇండియాలో ఫాస్ఫేట్ రాయి చాలా తక్కువ. రాజస్థాన్‌లో కొంత దొరుకుతుంది కానీ దేశం మొత్తానికి చాలదు. అందుకని బయటి నుంచి కొనాలి. 2024-25లో సౌదీ నుంచి ఇండియాకి సుమారు 19 లక్షల టన్నుల డీఏపీ వెళ్లింది. 2025 జూలైలో మఆదెన్‌కీ మూడు భారతీయ కంపెనీలకీ ఒప్పందం కుదిరింది. 2025-26 నుంచి ఐదేళ్లపాటు ఏటా 31 లక్షల టన్నులు పంపాలని. ఆ మూడు కంపెనీల్లో ఒకటి కోరమండల్. విశాఖ, కాకినాడ ఫ్యాక్టరీలు దానివే.

లెక్క చేద్దాం. ఒక బస్తా 50 కిలోలు. టన్నుకి 20 బస్తాలు. 31 లక్షల టన్నులు అంటే 6 కోట్ల 20 లక్షల బస్తాలు! వరికి రైతు ఎకరానికి సుమారు ఒక బస్తా డీఏపీ వేస్తాడు, అదీ నాటు వేసే ముందు దుక్కిలో. దీన్ని ఊళ్లో "అడుగు మందు" అంటారు. మందు అంటే జ్వరానికి వేసుకునేదే కాదు, రైతు మాటల్లో ఎరువు కూడా మందే.

అడుగు మందు సమయానికి పడాలి. జూన్, జూలైలో వానలు పడగానే అందరికీ ఒకేసారి కావాలి. ఓడ ఆలస్యమైనా, ఎక్కడో యుద్ధం వచ్చినా, వేరే దేశం అమ్మకాలు ఆపినా బస్తాలు తగ్గిపోతాయి. అప్పుడు రైతులు తెల్లవారుజామునే సొసైటీ ముందు వరస కడతారు. నిలబడలేనివాళ్లు తమ చెప్పులనో, పట్టాదారు పాస్‌బుక్కునో వరసలో పెట్టి చెట్టు కింద కూర్చుంటారు. పేపర్లలో ఆ ఫోటోలు వస్తుంటాయి. ఆ చెప్పుల వరసకీ, తురైఫ్ ఎడారిలో తవ్వే రాయికీ సంబంధం ఉందని ఇప్పుడు మీకు తెలుసు.

సంబంధం ఇంకోటి కూడా ఉంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ లాంటి చోట్ల నుంచి ఎంతోమంది గల్ఫ్‌కి పనికి వచ్చారు. వాళ్లలో చాలామంది రైతు కుటుంబాలవాళ్లే. ఇక్కడ సంపాదించిన రియాల్స్ అక్కడ విత్తనాలు, ఎరువులు కొనడానికి వెళ్తాయి. మనుషులు అటు నుంచి ఇటు వచ్చారు, ఎరువు ఇటు నుంచి అటు వెళ్తోంది.

ఎరువు అంటే అప్పు కూడా!

తెలుగులో "ఎరువు" అనే మాటకి ఇంకో అర్థం ఉంది. ఒకరి దగ్గర వాడుకోవడానికి తెచ్చుకుని, మళ్లీ తిరిగి ఇవ్వాల్సిన వస్తువుని కూడా ఎరువు అంటారు. పెళ్లికి వెళ్లడానికి పక్కింటివాళ్ల నగ తెచ్చుకుంటే అది ఎరువు సొమ్ము. "ఎరువు సొమ్ము బరువు చేటు" అని సామెత. తెచ్చుకున్న సొమ్ము ఒంటి మీద బరువు, పోతే చేటు, అంటే నష్టం.

భూమి నుంచి తీసుకున్న ఫాస్ఫేట్ కూడా ఎరువు సొమ్మే. అది తయారవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. మనం తవ్వేది కొన్ని పదుల ఏళ్లలో. ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేట్ నిక్షేపాల్లో మూడింట రెండు వంతులు ఒక్క మొరాకో వైపే ఉన్నాయి. చాలా దేశాలకి అసలు లేవు.

పసిఫిక్ మహాసముద్రంలో నౌరు అనే చిన్న దీవి ఉంది. వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ ఫాస్ఫేట్ తవ్వడం మొదలుపెట్టారు. కొన్నాళ్లు ఆ దీవి చాలా ధనవంతమైంది. శతాబ్దం అయిపోయేసరికి ఖనిజం దాదాపు అయిపోయింది. దీవి మధ్యలో రాతి మొనలు తప్ప పొలం చేసుకునే నేల మిగల్లేదు. ఉన్నప్పుడు జాగ్రత్తగా వాడుకోకపోతే ఏమవుతుందో నౌరు చూపించింది.

ఎక్కువ వాడినా నష్టమే. పొలంలో అవసరానికి మించి వేసిన భాస్వరం కొంత మట్టిలో పేరుకుంటుంది, కొంత వాన నీళ్లతో చెరువుల్లోకి పోతుంది. ఊరి మురుగు నీళ్లలో కూడా భాస్వరం ఉంటుంది. అది చేరిన చెరువులో నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. నాచు చచ్చి కుళ్లినప్పుడు నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. ఫ్యాక్టరీ దగ్గర మిగిలే జిప్సం గుట్టల్ని కూడా జాగ్రత్తగా చూసుకోవాలి, అందులో ఉండే మలినాలు నీళ్లలో కలవకూడదు.

మరి ఏం చేయాలి? ఎరువు మానేయమంటే రైతుకి పంట తగ్గుతుంది, మనకి అన్నం తగ్గుతుంది. అది దారి కాదు. ఎంత కావాలో అంతే వేయడం దారి. దానికి ముందు మట్టి పరీక్ష చేయించాలి. మట్టిలో పేరుకుపోయిన భాస్వరాన్ని కరిగించి మొక్కకి అందించే మంచి బ్యాక్టీరియా ఉన్నాయి, వాటిని వాడమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తున్నారు. పశువుల పేడ, కంపోస్టు వేయాలి. చెరువు ఎండినప్పుడు అడుగున ఉన్న పూడిక మట్టిని బండ్లకెత్తి పొలంలో తోలుకోవడం మన పెద్దల పద్ధతి. పొలం నుంచి కొట్టుకుపోయిన సారం అట్లా తిరిగి పొలానికే వచ్చేది. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని పొలాలకి తీసుకెళ్లారు. ఎరువు తీసుకుని తిరిగి ఇవ్వడం అంటే ఇదే.

మీ వంతు కూడా ఉంది. కంచంలో అన్నం వదిలేస్తే అందులో ఉన్న రైతు కష్టం, ఓడ, రైలు, 5 కోట్ల ఏళ్ల నాటి సముద్రం అన్నీ చెత్తబుట్టలో పడ్డట్టే. తినగలిగినంతే పెట్టించుకోండి.

ఇప్పుడు మీ పని

1. చేసి చూడండి: అమ్మనో నాన్ననో పక్కన ఉండమని, ఒక గ్లాసు వెనిగర్‌లో కోడిగుడ్డు పెంకు వేయండి. బుడగలు వస్తాయి. మర్నాడు చూస్తే పెంకు మెత్తబడి లేదా కరిగిపోయి ఉంటుంది. గుడ్డు పెంకు ఫాస్ఫేట్ కాదు, సున్నం జాతిది. కానీ గట్టి పదార్థాన్ని ఆమ్లం ఎట్లా మారుస్తుందో దీనితో అర్థమవుతుంది. చూసింది ఐదు వాక్యాల్లో తెలుగులో రాయండి.

2. లెక్క: డీఏపీ బస్తా మీద 18-46-0 అని రాసి ఉంటుంది. అంటే నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు ఫాస్ఫేట్, పొటాష్ సున్నా. 50 కిలోల బస్తాలో నత్రజని ఎన్ని కిలోలు? ఫాస్ఫేట్ ఎన్ని కిలోలు? (జవాబు: 9, 23)

3. మ్యాప్ పని: తురైఫ్, అరార్, రాస్ అల్ ఖైర్, హార్ముజ్, విశాఖపట్నం, మీ అమ్మమ్మ ఊరు. ఈ ఆరింటినీ ఒకే గీతతో కలపండి. ఊళ్ల పేర్లు తెలుగులో రాయండి.

4. మాటలు: "జ"తో ముగిసే, "పుట్టినది" అనే అర్థం వచ్చే ఇంకో రెండు మాటలు ఇంట్లో అడిగి తెలుసుకోండి.

5. ఇండియాకి ఫోన్ చేయండి. మీ చుట్టాల్లో పొలం చేసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు: తాతయ్య, పెదనాన్న, మేనమామ. "మీ పొలానికి అడుగు మందు ఏం వేస్తారు? ఎన్ని బస్తాలు వేస్తారు? ఈ ఏడాది దొరికిందా?" అని అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి, పుస్తకం భాషలోకి మార్చకండి. తర్వాత ఆ మందు ఏ సముద్రం అడుగు నుంచి వచ్చిందో మీరు వాళ్లకి చెప్పండి. ఈసారి పాఠం చెప్పేది మీరు.